ఏనుగు వచ్చే వీధి: బౌద్ధ ధ్యానం, శిల్పం, మన ఆశలూ ఆందోళనలూ

(మా ఊరి తెలుగు సంఘం సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. జ్ఞాపిక కోసం అక్కడక్కడ సవరించాను.)



కార్యకర్తలు నన్ను పిలిచినప్పుడు ఇచ్చిన శీర్షిక ‘ఆందోళనను జయించడం ఎలా?’ ఆ శీర్షిక మార్చమని బతిమాలుకున్నాను. నేను జయించలేదు కనక. ఆందోళనతో ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నదాన్ని మాత్రమే. ఆ కాపురంలో నాకు సాయపడ్డ రెండు విషయాలు చెబుతాను. ఒకటి ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోవడం. రెండోది మన కృష్ణా ఒడ్డున రెండు వేల ఏళ్ళ కిందట చెక్కిన కొన్ని రాళ్ళు. ముందే చెప్పేస్తున్నాను, నేను బౌద్ధం పుచ్చుకోలేదు. మా పూజగదిలో వెంకటేశ్వరస్వామి ఎప్పటిలాగే ఉన్నాడు. కార్తీకమాసంలో సత్యనారాయణ వ్రతం మానలేదు.

మొదట ఒక ప్రశ్న. మీలో ఎంతమంది రాత్రి పడుకునేటప్పుడు ఫోను ఆపేస్తారు? చేతులెత్తండి. ఇద్దరు. వాళ్ళిద్దరి తల్లిదండ్రులూ వాళ్ళతోనే ఇక్కడే ఉంటున్నారేమో. మిగిలిన మనందరికీ తెలుసు, తెల్లవారుజామున మూడింటికి ఫోను మోగితే ఏమవుతుందో. అది తప్పు నంబరే కావచ్చు, కాలం లెక్క తెలియని మేనమామ పలకరింపే కావచ్చు. ఎత్తేలోపల మాత్రం మనసు గుంటూరు దాకా వెళ్ళి, ఆసుపత్రి మెట్లెక్కి, విమానం టిక్కెట్టు కూడా కొనేస్తుంది.

నేను 1999లో హెచ్-4 మీద ఈ దేశం వచ్చాను. 2002 శరత్కాలంలో మావారి ఉద్యోగం పోయింది. అప్పట్లో ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్ళకి ఇప్పటి 60 రోజుల గడువు కూడా లేదు. కొత్త కంపెనీ దొరికింది కానీ కాగితాలు రావాలి. సరిగ్గా ఆ సమయంలోనే గుంటూరులో నాన్నగారికి జబ్బు చేసింది. నేను వెళితే తిరిగి రావడానికి చెన్నైలో మళ్ళీ వీసా ముద్ర పడాలి. ముద్ర పడాలంటే మావారి కొత్త కాగితాలుండాలి. చంకలో ఎనిమిది నెలల పిల్ల. ‘ఇంకో రెండు వారాలు చూద్దాం’ అనుకున్నాం. అమ్మాయి సంక్రాంతికి వస్తుందని నాన్నగారు వీధిలో అందరికీ చెప్పారట. నవంబరులో ఒక రాత్రి రెండున్నర దాటాక ఫోను మోగింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు రాత్రి నిద్ర రెండు ముక్కలుగానే పట్టింది. రెండున్నరకు మెలకువ వచ్చేసేది, గడియారం పెట్టినట్టు.

మరుసటి ఏడాది సంవత్సరీకానికి వెళ్ళాను. వచ్చేటప్పుడు వీసా ముద్ర కోసం చెన్నై. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు. మనవాళ్ళందరూ ఫైలు చంకన పెట్టుకుని రాత్రి బండెక్కి తెల్లవారేసరికి చెన్నైలో దిగేవాళ్ళం. కిటికీ దగ్గర ఇంటర్వ్యూ అయింది. ఆయన పాస్‌పోర్టు తీసుకుని ఒక్క ముక్క చెప్పలేదు. అది మంచికో చెడుకో తెలియదు. లాడ్జిలో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, పిల్లను అమ్మ దగ్గర వదిలి, ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళాను. కళ మీద ప్రేమతో కాదు. అక్కడ నీడ ఉంటుంది, టిక్కెట్టు చవక.

అమరావతి శిల్పాల గదిలో ఒక గుండ్రటి ఫలకం ఉంది. స్తూపం చుట్టూ కట్టిన ప్రాకారంలోది, సుమారు క్రీస్తుశకం రెండో శతాబ్దిది. కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. బుద్ధుడికి దేవదత్తుడని దాయాది. బుద్ధుణ్ణి చంపించాలని నాలాగిరి అనే ఏనుగుకు కల్లు పట్టించి రాజగృహం వీధిలోకి వదిలిస్తాడు. ఆ మదపుటేనుగు ఎదురుగా వచ్చినా బుద్ధుడు పరుగెత్తడు, కర్ర పట్టడు. దాని వైపు మైత్రితో చూస్తాడు. ఏనుగు మోకాళ్ళ మీద వంగుతుంది. చిన్నప్పుడు చందమామలో చదువుకున్న కథల్లాగే ఉంది కదా, అందులో నన్ను అంతసేపు నిలబెట్టింది ఏమిటి?

ఆ శిల్పి కథను రెండు బొమ్మలుగా విడగొట్టలేదు. ఒకే వలయంలో, మధ్యలో గీత కూడా లేకుండా, అదే ఏనుగును రెండుసార్లు చెక్కాడు. ఎడమవైపు ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. ఒక స్త్రీ బెదిరి పక్కనున్న మగవాణ్ణి అతుక్కుపోయింది. మేడల మీద కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర వంగి ఉంది. రెండింటికీ మధ్య ఉన్నది జానెడు రాయి.

నేను చూసింది ఎక్కువగా ఎడమ సగాన్నే. భక్తి కోసం చెక్కే శిల్పంలో ఆ భయాన్ని అంత శ్రద్ధగా ఎందుకు చెక్కాలి? బుద్ధుణ్ణీ వంగిన ఏనుగునూ చెక్కితే సరిపోయేది కదా. కానీ ఆ శిల్పి పరుగెత్తేవాళ్ళకి, బెదిరిన స్త్రీకి, కింద పడ్డవాడికి ఎంత చోటివ్వాలో అంతా ఇచ్చాడు. ఏడాదిగా అందరూ నాతో ‘భయపడకు, ధైర్యంగా ఉండు’ అంటున్నారు. భయపడటం మామూలే అన్నది నాకు మొదట ఆ రాయే. ఇంకోమాట కూడా. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళున్నారే, వాళ్ళు మనమేననిపించింది. వీధిలో జరిగేదంతా కనిపిస్తుంది, కిందికి దిగడానికి లేదు. అప్పుడు ఫోను కార్డులు, ఇప్పుడు వాట్సాప్ వీడియోలు. కిటికీ మారింది, అంతే.

మర్నాడు వీసా వచ్చింది. అందుకని ఆ ఫలకానికి మహిమ ఉందని చెప్పడం లేదు. నా ముందు వరసలో నిలబడ్డ కుర్రాడికి రాలేదు. అతను మ్యూజియానికి వెళ్ళాడో లేదో నాకు తెలియదు.

ఆ రాళ్ళ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అవి కూడా మనలాగే చెల్లాచెదురైనవి. మా చిన్నప్పుడు నాన్నగారు అమరేశ్వరుడి దర్శనానికి తీసుకెళ్ళినప్పుడు దీపాలదిన్నె చూపించి, ‘ఇక్కడి మంచి రాళ్ళన్నీ విదేశాలకు పోయాయమ్మా’ అన్నారు. నేను పోతానని అప్పటికి ఆయనకు తెలియదు. 1790ల చివర్లో కల్నల్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు కొత్త పట్నం కట్టిస్తూ ఉండటంతో దిబ్బలోని రాళ్ళు గోడలకీ మెట్లకీ పోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవాటిలో చాలా భాగం మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరి, 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్ళాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నైలో ఉన్నాయి. కొన్ని మాత్రం అమరావతిలోనే ఉన్నాయి. ఆ రాళ్ళ మీది శాసనాల్లో దానం చేసినవాళ్ళ పేర్లు చదివితే రాజులకంటే మామూలు మనుషులే ఎక్కువ కనబడతారు. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. సుగంధద్రవ్యాలమ్ముకునే వర్తకులు, భిక్షుణులు, కూతుళ్ళతో మనవలతో కలిసి ఇచ్చిన గృహిణులు. వాళ్ళ ఇళ్ళల్లో ఏ బెంగలున్నాయో శాసనంలో రాయలేదు గాని, బెంగ లేనివాళ్ళని మాత్రం నేననుకోను.

ఇక ధ్యానం. ఇందులో రహస్యం ఏమీ లేదు. ఆనాపానసతి అంటే వచ్చే ఊపిరిని వస్తోందని, పోయే ఊపిరిని పోతోందని గమనించడం. మజ్ఝిమనికాయంలో ఒక సుత్తమే ఉంది దీనికి. బిగబట్టడం లేదు, లెక్క లేదు, మంత్రం లేదు. ముక్కుపుటాల దగ్గర గాలి తగిలే చోట ధ్యాస పెట్టాలి. అది జారిపోతుంది. జారిందని తెలిసినప్పుడు, తిట్టుకోకుండా, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాలి. అంతే. ఇంత చిన్న పని ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు.

నేను నేర్చుకున్నది 2011లో, మసాచుసెట్స్‌లో షెల్‌బర్న్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ధమ్మధర కేంద్రంలో. సత్యనారాయణ గోయంకా గారి పద్ధతి. ఆయనా ప్రవాస భారతీయుడే. బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి. భరించలేని తలనొప్పికి మందు వెతుక్కుంటూ ఉ బా ఖిన్ గారి దగ్గరికి వెళ్ళి ధ్యానం నేర్చుకుని, 1969లో భారతదేశం వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. దేశంలో ఆయన తొలి కేంద్రాల్లో ఒకటి, 1976 నాటిది, మన హైదరాబాదులోనే ఉంది, ధమ్మఖేత్త. నేను ఇరవై ఏళ్ళు ఆ దేశంలో ఉండి దాని పేరు వినలేదు. ఇక్కడికొచ్చి మంచులో కారు నడుపుకుంటూ వెళ్ళి నేర్చుకున్నాను. మనవాళ్ళకిది అలవాటే.

పది రోజులు. తెల్లవారి నాలుగింటికి గంట. మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు, ఫోను వాళ్ళకి అప్పగించాలి. సాయంత్రం పళ్ళూ టీ, అంతే. రుసుము లేదు, చేసి బాగుందనుకున్నవాళ్ళు తర్వాతివాళ్ళ కోసం ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. ఆవకాయ లేకుండా పది రోజులు ఎలా ఉంటావని మావారి బెంగ. నాకు ఆవకాయ గుర్తు రాలేదు గాని, ఫోను అప్పగించినప్పుడు కాళ్ళు వణికాయి. ఆఫీసువాళ్ళ నంబరు అమ్మకీ మావారికీ ఇచ్చి, అత్యవసరమైతే కబురు చేస్తారని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాకే ఇచ్చాను.

మొదటి మూడు రోజులూ ఊపిరే. ఆ తర్వాత తల నుంచి కాళ్ళ దాకా ఒంట్లో ఎక్కడ ఏ స్పర్శ కలుగుతోందో చూసుకుంటూ పోవడం. ఐదో రోజో ఆరో రోజో, కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు, ఎక్కడో వంటింట్లో గంటలాంటిది ఏదో మోగింది. నాకు ఫోనే అనిపించింది. నాన్నగారి రాత్రి మొత్తం తిరిగొచ్చింది. మామూలుగా అయితే లేచి నీళ్ళు తాగేదాన్ని, దీపాలు వేసేదాన్ని, ఎవరికో ఫోను చేసేదాన్ని. ఇక్కడ లేవడానికి లేదు. కూర్చుని చూశాను. భయం అంటే ఒక పెద్ద మబ్బు అనుకున్నాను ఇన్నేళ్ళూ. దగ్గరగా చూస్తే అది రొమ్ముటెముక కింద పిడికిలంత బిగింపు. అరచేతుల్లో చెమట. చెవుల్లో వేడి. ఊపిరి పైపైనే ఆడటం. కొంతసేపు ఉన్నాయి. పెరిగాయి. తర్వాత వాటంతటవే తగ్గాయి. ఏనుగు వచ్చింది, తొక్కింది, వంగింది. నేను చేసిందల్లా వీధిలోంచి పారిపోకపోవడం. ఏడుపు మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు కూడా.

ఆ రోజు నుంచి భయం పోయిందా అంటే, లేదు. రెండున్నరకు మెలకువ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. అప్పుడు ఏం చెయ్యాలో తెలిసింది. అదీ తేడా.

ఆందోళన గురించి చెబుతున్నాను గాని, ఆశ మాట ఎత్తలేదు. ఆశ మంచిది, భయం చెడ్డది అని కదా మన లెక్క. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన ఉత్తరం ఒకటుంది, ‘సుహృల్లేఖ’. సంస్కృత మూలం పోయింది, టిబెటన్, చీనీ అనువాదాల్లో మిగిలింది. ఏడో శతాబ్దిలో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడ విద్యార్థులు మొదట్లోనే దాన్ని కంఠస్థం చేస్తారని రాశాడు. అందులో ఎనిమిది లోకధర్మాల ప్రస్తావన వస్తుంది. లాభం, నష్టం. సుఖం, దుఃఖం. కీర్తి, అపకీర్తి. పొగడ్త, తెగడ్త. వీటిని సమానంగా చూడమని రాజుకు సలహా. ఈ జంటల్లో ఒకదాన్ని పట్టుకుని లాగితే రెండోది కూడా దానివెంటే వస్తుంది. తాడుకు ఒక కొస ఆశ, రెండో కొస భయం.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. 2007 వేసవిలో అర్థమైంది. అప్పుడిక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జూన్ నెల మధ్యలో వచ్చిన వీసా బులెటిన్‌లో, జూలైలో ఉద్యోగాల వర్గాలన్నీ దాదాపుగా తెరిచేస్తున్నామన్నారు. ఇళ్ళల్లో పండగ. వైద్య పరీక్షలకి బారులు, ఫోటోలు, ఇండియా నుంచి జన్మపత్రాలు. జూలై 2న ఆ తలుపు మూసేశామన్నారు. జూలై 10న మనవాళ్ళు నిరసనగా అధికారులకు పువ్వులు పంపారు. జూలై 17న మళ్ళీ తెరిచామన్నారు. అయిదు వారాల్లో మా ఇంట్లో రెండుసార్లు పాయసం, మధ్యలో ఒక ఉపవాసం. మేం అదే ఇల్లు, అదే మనుషులం. కాగితం మీది అక్షరాలు మారినప్పుడల్లా మేం పైకీ కిందకీ ఊగాం. మొన్న 2025 సెప్టెంబరు 19న హెచ్-1బి మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చిన వారాంతంలో, మా అక్క కొడుకు ఇండియా ప్రయాణం మానుకుని సూట్‌కేసు పక్కన నేల మీద కూర్చుంటే, నాకు 2007 గుర్తొచ్చింది. వాడికి లోకధర్మాలు చెప్పలేదు లెండి. అన్నం పెట్టి, వాడి పక్కన కూర్చున్నాను.

సమానంగా చూడటమంటే పట్టించుకోకపోవడం కాదు. ఇది మా అమ్మ దగ్గర తెలుసుకున్నాను. 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర దీక్ష జరిపించారు. టిబెట్ సంప్రదాయం ప్రకారం బుద్ధుడు కాలచక్రం మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన ధరణికోట అమరావతుల్లోనే. గుంటూరు నుంచి మా అమ్మ వీధిలోవాళ్ళతో కలిసి బస్సులో వెళ్ళింది. దానికోసం భిక్షువులు రంగుల ఇసకతో మండలం వేస్తారు. సన్నటి లోహపు గొట్టంలో ఇసక పోసి, దాన్ని ఇంకో కడ్డీతో గీకుతూ, రేణువు రేణువు రాలుస్తారు. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి. కాలచక్ర మండలంలో 722 మంది దేవతలుంటారని లెక్క. ఎన్నో రోజుల పని. అయిపోయాక దాన్ని ఊడ్చి నీళ్ళలో కలిపేస్తారు. 1988లో న్యూయార్క్ సహజచరిత్ర మ్యూజియంలో భిక్షువులు ఇది అందరి ముందు చేసి చూపించాక, అమెరికాలో చాలా ఊళ్ళలో వేస్తున్నారు. ఊడ్చే ఘట్టం దగ్గర జనం గుండెలు పట్టుకుంటారు. అయ్యో, అంత అందమైనది, అంటారు.

అమ్మ ఫోనులో నాతో అన్నది వేరు. ‘చాలా బాగా వేశారే. చేతిలో ఎంత నిదానమో. పాపం చివర్న ఊడ్చేస్తారని పక్కావిడ ఒకటే బాధపడింది. ఇందులో బాధేముందే? మనం రోజూ చేసేదేగా!’

అరవై ఏళ్ళ పైచిలుకు తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గువేసిన చెయ్యి అది. పాలవాడి సైకిలు దాని మీద నుంచే పోతుంది. కోడి తొక్కుతుంది. పదింటికి సగం ఉండదు. అయినా చుక్క తప్పు పడితే అమ్మ ఊరుకోదు, చెరిపి మళ్ళీ పెడుతుంది. ముగ్గుకీ మండలానికీ చరిత్రలో సంబంధం ఉందా లేదా అని వాదించడం నా పని కాదు. చేతిలో పనిని నూటికి నూరు పాళ్ళూ చెయ్యడం, అది నిలవాలని పట్టుబట్టకపోవడం, ఈ రెండూ ఒకే చెయ్యి చెయ్యగలదని మాత్రం అమ్మ మాటతో తెలిసింది. పిల్లల కాలేజీ దరఖాస్తులు నింపేటప్పుడు నేనిది తలుచుకున్నాను. ఎంతవరకు ఆచరించానో మా అమ్మాయి చెబుతుంది. అడక్కండి.

మా అమ్మాయి మాట వచ్చింది గనక. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధశిల్పాల ప్రదర్శన పెట్టారు. తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు, అమరావతివి, నాగార్జునకొండవి ఒక్కచోట చూసే అదృష్టం కలిగింది. నేను చంకనేసుకుని 2002లో ఏడ్చిన పిల్ల, ఇరవై దాటింది, నాతో వచ్చింది. ఒక ఫలకం ముందు ఆగి ‘అమ్మా, అందరూ ఖాళీ కుర్చీకి దణ్ణం పెడుతున్నారెందుకు?’ అంది. తొలి రోజుల్లో మన ప్రాంతంలో శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించడం తక్కువ. పాదముద్రలు, చెట్టు, ఖాళీ ఆసనం చెక్కేవారు. పారిస్‌లోని గీమే మ్యూజియంలో మన కృష్ణాతీరపు శిల్పం ఇంకొకటుంది, మారుడి దాడి. ఆ కథ చూడండి, బోధివృక్షం కింద కూర్చున్నవాడి మీదికి మారుడు సైన్యాన్నీ పంపుతాడు, అందమైన కూతుళ్ళనీ పంపుతాడు. భయమూ ఆశా ఒకే ఇంటి నుంచి వచ్చాయన్నమాట! ఆ శిల్పంలో చుట్టూ మారుడి పరివారం హడావిడి. మధ్యలో ఖాళీ ఆసనం. కొడదామంటే అక్కడ ఎవరూ లేరు, ఆశపెడదామన్నా ఎవరూ లేరు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. అది విని కాసేపాగి, ‘నాకు మాత్రం తాతయ్య కుర్చీలా ఉంది’ అంది. గుంటూరులో వరండాలో ఇప్పటికీ నాన్నగారి పడక్కుర్చీ అలాగే ఉంటుంది. దాంట్లో ఎవరూ కూర్చోరు. దానికి నేను జవాబేమీ చెప్పలేదు. ఇద్దరం అక్కడే బెంచీ మీద కూర్చున్నాం చాలాసేపు.

డాక్టర్లు కూడా ఈ సభలో ఉన్నారు కనక ఒక జాగ్రత్త చెప్పాలి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ గారు 1979లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణ బౌద్ధ ధ్యానం నుంచి పుట్టిందే. 2022లో జామా సైకియాట్రీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆందోళన వ్యాధి ఉన్న 276 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒకరికి ఈ శిక్షణ, ఇంకొకరికి ఎస్సిటాలోప్రామ్ మాత్రలు ఇచ్చారు. ఇంచుమించు ఇద్దరికీ ఒకేలా తగ్గింది. దీన్ని పట్టుకుని మాత్రలు మానెయ్యకండి. ఆ పరిశోధన చెప్పింది ధ్యానం మందుకు తీసిపోదని, మందు పనిచెయ్యదని కాదు. మనవాళ్ళలో ఇంకో జబ్బుంది, మానసిక వైద్యుడి దగ్గరికెళ్ళామని తెలిస్తే పరువు పోతుందని. బతకాలని లేదనిపించేంత దాకా వస్తే కూర్చుని ఊపిరి చూడకండి, డాక్టరుకు ఫోను చెయ్యండి. 2022 జూలై నుంచి అమెరికా అంతటా 988 అనే మూడంకెల నంబరుంది, పగలూ రాత్రీ ఎత్తుతారు. పది రోజుల మౌనం కూడా అందరికీ పడదు. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్ళు ముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి.

ఇంట్లో నేను చేసేది చాలా చిన్నది. ఏనుగు ఫలకం ఫోటో మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పొద్దున్న కాఫీ డికాషన్ దిగేలోపు దాని ముందు కుర్చీ వేసుకుంటాను. ముందు ఎడమవైపు చూస్తాను, ఆ రోజు నా ఏనుగేదో, అమ్మ బీపీయో, మావారి ఆఫీసులో పుకార్లో, దాన్ని అక్కడ పెడతాను. కొన్ని ఊపిరులు. తర్వాత చూపు నిదానంగా కుడివైపుకు. కొన్నాళ్ళు చూపు కుడివైపుకు పోదు, డికాషన్ దిగిపోతుంది. పర్వాలేదు, కాఫీ తాగుతాను.

అమ్మకిప్పుడు 84. ఒక్కతే ఉంటుంది, ఇక్కడికి రానంటుంది. ‘మీ మంచులో ముగ్గెక్కడ వేస్తానే’ అంటుంది. ఆ ఫోను ఒక రోజు మళ్ళీ మోగుతుందని నాకు తెలుసు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. నాకిచ్చిన సమయంలో ఇంకా అయిదు నిమిషాలున్నాయి, అవి మాటలకు వాడను. అందరం కలిసి కూర్చుందాం. వీపు కుర్చీకి ఆనించకపోతే మంచిది, నొప్పులున్నవాళ్ళు ఆనించుకోండి. చేతులు ఒళ్ళో. కళ్ళు మూసుకోవడం ఇష్టం లేకపోతే నేల వైపు చూడండి. ముక్కు దగ్గర ఊపిరి తగిలే చోటు వెతుక్కోండి. మామూలుగా ఇలాంటిచోట్ల ఫోన్లన్నీ ఆపేయమంటారు. నేనడగను. మోతలు తగ్గించుకోండి, చాలు. ఎవరికైనా ఇంటి నుంచి ఫోను వస్తే లేచి వెళ్ళి ఎత్తండి. ఎవరూ ఏమీ అనుకోరు. తలుపు దగ్గరున్న తమ్ముడు తెరిచి పట్టుకుంటాడు.

గంట కొట్టాక కళ్ళు తెరుద్దాం.